22 ఆర్క్‌సెకండ్ల దూరంలో ఎర్రటి చుక్క: ఇది నిజంగా జంటేనా?

రాత్రిలెక్కలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఖగోళశాస్త్రం చదువుకున్న మనిషిని కాను. పగలంతా జమాఖర్చులు చూసే ఉద్యోగం. రాత్రి పనులన్నీ అయ్యాక రెండు గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని, ఉచితంగా దొరికే ఆకాశ సర్వేల బొమ్మల్లో బాగా చల్లని మరుగుజ్జు నక్షత్రాల కోసం వెతుకుతాను. టెలిస్కోప్ లేదు. ఈ పని మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లకు ఒకటి దొరికిందని అనిపిస్తోంది. అందుకే రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. దయచేసి చూసి చెప్పండి.

ముందు నా పద్ధతి. తప్పుంటే అక్కడే పట్టుకోండి. నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహం మూడో విడత కేటలాగ్ నుంచి 50 పార్సెక్‌ల (ఒక పార్సెక్ 3.26 కాంతి సంవత్సరాలు) లోపల ఉండి, ఆకాశంలో ఏడాదికి 200 మిల్లీ ఆర్క్‌సెకండ్ల (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకండ్, అందులో వెయ్యో వంతు మిల్లీ ఆర్క్‌సెకండ్) కంటే వేగంగా కదిలే కే, ఎం రకం నక్షత్రాలు (సూర్యుడి కంటే చల్లనివి, ఎర్రనివి) 600 ఏరుకున్నాను. ఒక్కొక్కదాని చుట్టూ 30 ఆర్క్‌సెకండ్ల వలయం గీసి, లోపల మసకగా, ఎర్రగా ఏదైనా ఉందా అని చూస్తాను. ఇప్పటికి 386 అయ్యాయి. ప్రతిదానికీ ఒక వరుస రాసుకున్నాను: తేదీ, ఏం కనిపించింది, ఎందుకు వదిలేశాను.

ఇప్పుడు అసలు సంగతి. పెద్ద నక్షత్రం (నా జాబితాలోది) జీ మాగ్నిట్యూడ్ (గయా కొలిచిన వెలుగు, అంకె పెరిగే కొద్దీ మసక) 10.2, పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం, దూరం దీన్నుంచే వస్తుంది) 27.4 మిల్లీ ఆర్క్‌సెకండ్లు. అంటే 36.5 పార్సెక్‌లు, సుమారు 119 కాంతి సంవత్సరాలు. ప్రాపర్ మోషన్ (ఆకాశంలో ఏటా ఎంత జరుగుతోందో) తూర్పు పడమరల దిశలో మైనస్ 212, ఉత్తర దక్షిణాల దిశలో మైనస్ 148. కే7 రకం అనుకుంటున్నాను. దీనికి సరిగ్గా 22 ఆర్క్‌సెకండ్ల దూరంలో ఒక ఎర్రటి చుక్క ఉంది. జీ మాగ్నిట్యూడ్ 18.6. పెద్ద నక్షత్రం దూరమే దీనికీ వేసి లెక్క కడితే అసలు మాగ్నిట్యూడ్ (10 పార్సెక్‌ల దూరంలో పెడితే కనిపించే వెలుగు) 15.8 వస్తోంది. అది ఎల్ రకం (ఎం కంటే చల్లనిది) మొదట్లో ఉండే వస్తువుకు సరిగ్గా సరిపోయే అంకె! రెండింటి మధ్య దూరం 22 × 36.5, అంటే 803 ఏయూలు (భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఒక ఏయూ). వైడ్ బైనరీకి (దూరదూరంగా ఉండే జంటకు) ఇది బాగానే ఉంటుంది కదా?

ఒక్కటి మాత్రం కలవడం లేదు. గయాలో ఆ చిన్న చుక్కకు పారలాక్స్ 1.9 అని ఉంది. మసక నక్షత్రం కాబట్టి ఆ కొలత తప్పయి ఉండొచ్చని పక్కన పెట్టాను. అలా పెట్టడం సబబేనా? సింబాడ్ అనే ఆకాశ వస్తువుల జాబితాలో వెతికితే ఆ చుక్కకు పేరు కూడా లేదు. అందువల్ల ఆశ ఇంకా పెరిగింది.

నక్షత్రాల పేర్లు కావాలనే రాయలేదు. అంకెలను బట్టే చెప్పండి.

---

చుక్కలదారి

రాత్రిలెక్కలు గారూ, మీరు వరుసలు రాసుకుంటున్నారని చదవగానే సంతోషం వేసింది. ఈ పనిలో సగం మంది అది చెయ్యరు. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆ చుక్క మీ కే7 నక్షత్రానికి జంట కాదు. వెనకాల చాలా దూరంగా ఉన్న మామూలు ఎర్ర నక్షత్రం.

మీ లెక్కలో కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొదటి మెట్టులోనే ఇబ్బంది. చిన్న చుక్కకు పెద్ద నక్షత్రం దూరాన్ని మీరు అప్పుగా ఇచ్చారు. ఆ దూరంతోనే అసలు మాగ్నిట్యూడ్ 15.8 వచ్చింది. 15.8 వచ్చింది కాబట్టి ఎల్ రకం అన్నారు. ఎల్ రకం కాబట్టి జంట అన్నారు. జంట అని రుజువయ్యాక వాడాల్సిన దూరాన్ని రుజువు కోసమే వాడారు. మీ వృత్తిలో దీన్ని ఏమంటారో మీకే బాగా తెలుసు.

ఇప్పుడు ఆ 1.9 సంగతి. 18.6 మాగ్నిట్యూడ్ దగ్గర గయా పారలాక్స్‌లో పొరపాటు సాధారణంగా 0.2 మిల్లీ ఆర్క్‌సెకండ్ల వరకు ఉంటుంది. 27.4కీ 1.9కీ మధ్య తేడా 25 పైనే. ఏ పొరపాటూ అంత తేడాను మింగలేదు. ఒక్క సందర్భంలో మాత్రం అనుమానించాలి. పక్కనే మరో నక్షత్రం అతుక్కుని ఉండి, గయా లెక్క సరిగ్గా కుదరకపోతే అంకెలు చెడతాయి. దానికి రూవీ అనే కాలమ్ ఉంది, చూడండి. 1కి దగ్గరగా ఉంటే లెక్క బాగా కుదిరినట్టు. 1.4 దాటితే అనుమానం. అదే వరుసలో ప్రాపర్ మోషన్ కూడా చూడండి. అది 10, 15 దగ్గర ఉంటే ఇక చర్చ అక్కర్లేదు.

1.9 నిజమైతే ఆ చుక్క 500 పార్సెక్‌ల పైనే ఉంది. అప్పుడు దాని అసలు మాగ్నిట్యూడ్ 10 దగ్గర తేలుతుంది. అది ఎం3 రకం. ఎర్రగా కనిపించడం నిజమే, కానీ ఆ ఎరుపు చాలదు. జీలోంచి ఆర్‌పీ (గయా ఎర్ర వైపు కొలిచిన మాగ్నిట్యూడ్) తీసేస్తే ఎం3కి 1.1 దగ్గర వస్తుంది. ట్రాపిస్ట్-1 అనే చల్లని నక్షత్రం ఎం8 రకం, దానికి 1.5 దాటుతుంది. ఎల్ రకమైతే ఇంకా ఎక్కువే. మీ చుక్కకు ఈ తీసివేత చేసి చూడండి. బీపీ (నీలి వైపు కొలత) అంకెను మాత్రం నమ్మకండి. ఇంత మసకగా, ఎర్రగా ఉన్న వాటిలో నీలి వైపు కాంతి దాదాపు ఉండదు, ఆ కొలతలో ఆకాశపు వెలుగే ఎక్కువ కలుస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది. మీరు ప్రతి నక్షత్రానికీ 30 ఆర్క్‌సెకండ్ల వలయమే ఎందుకు గీశారు? 10 పార్సెక్‌ల నక్షత్రం చుట్టూ అది 300 ఏయూలు, 50 పార్సెక్‌ల నక్షత్రం చుట్టూ 1,500 ఏయూలు. ఒకే కొలబద్ద కాదది. ముందు ఎన్ని ఏయూల వరకు వెతకాలో అనుకోండి, దాన్ని పార్సెక్‌లతో భాగించండి. 10,000 ఏయూలు అనుకుంటే మీ కే7 నక్షత్రానికి వలయం 274 ఆర్క్‌సెకండ్లు. మీరు చూసింది అందులో వందో వంతు వైశాల్యం కంటే కొంచెం ఎక్కువ, అంతే.

10,000 అతిగా అనిపించొచ్చు, కానీ కాదు. ప్రాక్సిమా సెంటారీ తన తోటి నక్షత్రం ఆల్ఫా సెంటారీ నుంచి దాదాపు 13,000 ఏయూల దూరంలో ఉంది. ఆకాశంలో అది 2 డిగ్రీల పైచిలుకు. అంటే నిండు చందమామలు నాలుగు పక్కపక్కన పెట్టినంత. 1915లో రాబర్ట్ ఇన్స్ రెండు ఫొటో ప్లేట్లను మార్చి మార్చి చూసి, కదిలిన చుక్కగా దాన్ని పట్టుకున్నాడు. పక్కన ఉందని ఎవరికీ తోచలేదు, కదలిక కలిసింది కాబట్టి తెలిసింది. ఎప్సిలన్ ఇండి నక్షత్రం మనకు 12 కాంతి సంవత్సరాల లోపే ఉంది. దాని బ్రౌన్ డ్వార్ఫ్ (నక్షత్రం కావడానికి చాలినంత బరువు లేని వస్తువు) తోడు 2003లో గానీ దొరకలేదు. ఎక్కడ ఉందో తెలుసా? 402 ఆర్క్‌సెకండ్ల దూరంలో. అందరూ నక్షత్రం ఒడిలోనే వెతికారు.

ఇంకోటి, ఎల్ రకం మధ్య నుంచి కిందికి వెళ్లే కొద్దీ గయా మీకు సాయం చెయ్యదు. అది 21 మాగ్నిట్యూడ్ దగ్గర ఆగిపోతుంది. ఎల్ కంటే చల్లని టీ రకం వస్తువులు మనకు బాగా దగ్గరగా ఉంటే తప్ప అందులో కనపడవు. వాటికి ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలు చూడాలి. వైస్ ఉపగ్రహం 2010 నుంచి 2024 వరకు, మధ్యలో కొంత విరామంతో, ఆకాశమంతా మళ్లీ మళ్లీ తీసింది. వైస్‌వ్యూ అనే పేజీలో మీ నక్షత్రం కోఆర్డినేట్లు ఇచ్చి, ఆ బొమ్మలను ఆడించి చూడండి. ఈ 22 ఆర్క్‌సెకండ్ల చుక్కను వదిలెయ్యండి, ఆ నక్షత్రాన్ని మాత్రం వదలకండి.

---

పాతప్లేట్లు

చుక్కలదారి గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఈ పద్ధతి పాతదే, చాలా గౌరవం ఉన్నది. జార్జ్ వాన్ బీస్‌బ్రూక్ 1940లలో మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ 82 అంగుళాల టెలిస్కోప్‌తో చేసింది ఇదే. వేగంగా కదిలే నక్షత్రాలను ఎంచుకుని, వాటితో పాటు కదిలే మసక చుక్కలు ఉన్నాయా అని వెతికాడు. 1944లో ప్రకటించిన వీబీ 10 అలా దొరికిందే. 19 కాంతి సంవత్సరాల దూరం, పెద్ద నక్షత్రం నుంచి 74 ఆర్క్‌సెకండ్లు. ఎం8 రకం. చాలా ఏళ్లపాటు తెలిసిన నక్షత్రాలన్నిట్లో అంత మసకది ఇంకోటి లేదు.

రాత్రిలెక్కలు గారి 30 ఆర్క్‌సెకండ్ల వలయం పెట్టుకుని ఉంటే ఆయనకు వీబీ 10 దొరికేది కాదు. పేరు పెట్టి ఎత్తిచూపాలని కాదండీ ఈ మాట. ఆ 74 అనే అంకె నా మనసులో ఎప్పుడూ ఉంటుంది, వలయం చిన్నదిగా పెట్టబోయినప్పుడల్లా గుర్తొస్తుంది.

---

రాత్రిలెక్కలు

చుక్కలదారి గారూ, మీరన్నది అక్షరాలా నిజం. రూవీ 1.02. ప్రాపర్ మోషన్ మైనస్ 6, మైనస్ 11. జీలోంచి ఆర్‌పీ తీస్తే 1.08. మూడూ ఒకే మాట చెబుతున్నాయి. కలవని అంకెను పక్కన పెట్టాను చూడండి, అది నన్ను చాలా బాధపెట్టింది. ఆఫీసులో ఎవరైనా అలా చేస్తే నేనే ఒప్పుకోను.

తర్వాత నాలుగు రాత్రులు మీరు చెప్పినట్టే చేశాను. వలయాన్ని 10,000 ఏయూలకు సరిపడా పెంచి, జాబితాలో మొదటి నుంచి వైస్ బొమ్మలు ఆడించాను. 40 నక్షత్రాలు అయ్యాయి. నలభయ్యోది ఇదే కే7 నక్షత్రం. వరుస ప్రకారం ఇంకా చాలా కింద రావాలి, మనసు ఊరుకోక ముందుకు తెచ్చుకున్నాను.

118 ఆర్క్‌సెకండ్ల దూరంలో ఒక నారింజ రంగు చుక్క ఉంది. మామూలు కాంతిలో తీసిన బొమ్మల్లో అక్కడ ఖాళీ. గయాలో ఏమీ లేదు. వైస్ 3.4 మైక్రాన్ల బొమ్మలో ఉందా లేదా అన్నట్టుంది, 4.6 మైక్రాన్ల బొమ్మలో స్పష్టంగా ఉంది. ఆడిస్తే జరుగుతోంది! కొంచెమే. మొదట నా కళ్లే నమ్మలేదు. కానీ లెక్క వేస్తే జరగాల్సింది కూడా కొంచెమే: ఏడాదికి 258 మిల్లీ ఆర్క్‌సెకండ్లు, 14 ఏళ్లకు 3.6 ఆర్క్‌సెకండ్లు. వైస్ పిక్సెల్ ఒక్కటి 2.75 ఆర్క్‌సెకండ్లు. అంటే మొత్తం కలిపి ఒక పిక్సెల్ కంటే కాస్త ఎక్కువ. పెద్ద నక్షత్రం ఎటు జరుగుతోందో ఇదీ అటే.

వైస్ కొలతలతో తయారైన క్యాట్‌వైస్ 2020 కేటలాగ్‌లో దీని అంకెలు:
ప్రాపర్ మోషన్ మైనస్ 188 (ప్లస్ ఆర్ మైనస్ 33), మైనస్ 171 (ప్లస్ ఆర్ మైనస్ 35).
డబ్ల్యూ1 (3.4 మైక్రాన్ల మాగ్నిట్యూడ్) 17.4, డబ్ల్యూ2 (4.6 మైక్రాన్లది) 15.4.
వేరే ఇన్‌ఫ్రారెడ్ సర్వేలో జే మాగ్నిట్యూడ్ 17.6.

ఈసారి ఎవరి దూరాన్నీ అప్పు తీసుకోలేదు. డబ్ల్యూ1లోంచి డబ్ల్యూ2 తీస్తే 2.0. ఆ రంగు టీ5 దగ్గర ఉండే వాటికి వస్తుందని ప్రచురించిన పట్టికల్లో చూశాను. టీ5కి డబ్ల్యూ2లో అసలు మాగ్నిట్యూడ్ 12.6 దగ్గర. కనిపించేది 15.4. తేడా 2.8. దాన్నిబట్టి దూరం 36 పార్సెక్‌లు వస్తోంది. పెద్ద నక్షత్రానిది 36.5. రెండు పుస్తకాల్లో విడివిడిగా రాసిన పద్దులు కలిసినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. కానీ మొదటిసారి కూడా ఇంతే సంతోషపడ్డాను కాబట్టి ఇప్పుడు గట్టిగా మాట్లాడను. ఇంకా ఏం చూడాలి?

---

రెండుకొసలు

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను గానీ, ఇది మాట్లాడాల్సిన కేసు. రెండు విషయాలు చూడాలి: ఆ చుక్క నిజంగా ఉందా, ఉంటే కాకతాళీయంగా పక్కన పడిందా.

మొదటిది. మీ కే7 నక్షత్రం వైస్ కళ్లకు బాగా వెలుగు. అలాంటి నక్షత్రాల చుట్టూ వైస్ బొమ్మల్లో లేని చుక్కలు పుడతాయి: అద్దాల్లో ప్రతిఫలించిన నీడలు, కాంతి గీతలు. నాకు ఇది స్వయంగా అనుభవం. ఒక చుక్కను పట్టుకుని మూడు వారాలు తిరిగాను. ముందుకీ వెనక్కీ ఊగుతోంది, పారలాక్స్ కాబోలు, చాలా దగ్గరి వస్తువు కాబోలు అనుకున్నాను. చివరికి చూస్తే దెయ్యం చుక్క. వైస్ ప్రతి ఆరు నెలలకూ ఎదురు దిశలో ఆకాశాన్ని తుడుస్తుంది. దాంతో ఇలాంటి నకిలీ చుక్కలు నక్షత్రానికి ఒకసారి ఈ పక్క, ఇంకోసారి ఆ పక్క పడతాయి. కాబట్టి మీ చుక్కను అన్నీ కలిపిన బొమ్మల్లో కాకుండా, ఆరేసి నెలల బొమ్మలుగా విడదీసి చూడండి. నిజమైనదైతే ఒకే దిక్కుగా, నిదానంగా సాగుతుంది. అయితే మీకు జే మాగ్నిట్యూడ్ కూడా ఉంది కదా. వేరే టెలిస్కోప్, వేరే కెమెరా అదే చోట చుక్కను చూసిందంటే దెయ్యం భయం చాలావరకు తీరినట్టే.

రంగు గురించి కూడా ఒక మాట. డబ్ల్యూ1 అంత మసకగా ఉండటానికి కారణం మీథేన్. టీ రకం వాతావరణంలో మీథేన్ 3.3 మైక్రాన్ల దగ్గర కాంతిని తినేస్తుంది, 4.6 దగ్గర కాంతి బయటికి వస్తుంది. అందుకే నారింజ రంగు. దుమ్ము పట్టిన దూరపు గెలాక్సీలు కొన్ని ఇలా మోసం చేస్తాయి గానీ, గెలాక్సీలు కదలవు.

రెండోది, కాకతాళీయం. దీన్ని లెక్కతోనే చూద్దాం, మీకూ నచ్చుతుంది. మనకు 20 పార్సెక్‌ల లోపల ఎల్, టీ, వై రకాలు కలిపి 525 ఉన్నాయని 2021లో వచ్చిన గణన చెప్పింది. 20 పార్సెక్‌ల గోళం ఘనపరిమాణం సుమారు 33,500 ఘన పార్సెక్‌లు. అంటే ఒక్కో ఘన పార్సెక్‌కు 0.016. ఇప్పుడు మీరు వెతికిన వలయం 274 ఆర్క్‌సెకండ్లు. ఇక్కడ చాలామంది పొరపడతారు: చుక్క 118 దగ్గర దొరికింది కదా అని 118 వలయానికే లెక్క కడతారు. కాదు, 250 దగ్గర దొరికినా మీరు ఇలాగే సంతోషపడేవారు కాబట్టి వెతికిన చోటంతా లెక్కలోకి రావాలి. ఆ వలయంలో 30 నుంచి 45 పార్సెక్‌ల మధ్య ఉన్న ముక్క 0.12 ఘన పార్సెక్‌లు. అందులో సంబంధం లేని ఒక చల్లని వస్తువు పడే అవకాశం 0.0019. ఐదు వందల్లో ఒకటి అనుకోండి.

మీరు 40 నక్షత్రాలు చూశారు. కాబట్టి 40తో గుణించాలి: 0.075. ఇది చిన్నదేమీ కాదు! ఇక్కడే కదలిక ఆదుకుంటుంది. ఆ దూరంలో ఉండే నక్షత్రాల ప్రాపర్ మోషన్లు నాలుగు దిక్కులా విసిరేసినట్టు ఉంటాయి. మీ కొలతలో ఉన్న పొరపాటు పరిధిలో ఇంత దగ్గరగా కలవడం ఇరవైలో ఒకటి జరుగుతుంది. మొత్తం 0.004. వెయ్యింట నాలుగు. మోటు లెక్కే గానీ మీ జంట ఈ పరీక్ష నెగ్గింది. 600 నక్షత్రాలూ చూసేసరికి ఈ అంకె 0.06 అవుతుందని మాత్రం గుర్తుంచుకోండి. ఎన్ని చూశారో రాసుకోవడం అందుకే అంత ముఖ్యం. ఏమీ దొరకనివి కూడా.

కదలిక తేడా గురించి కంగారు వద్దు. 24, 23 మిల్లీ ఆర్క్‌సెకండ్ల తేడా పూర్తిగా కొలతలోని పొరపాటు వల్లే. నిజంగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే 4,300 ఏయూల దూరంలో వేగం సెకనుకు 0.4 కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఆకాశంలో అది ఏడాదికి 2 మిల్లీ ఆర్క్‌సెకండ్లు. వైస్‌కు అది కనపడనే కనపడదు. ఒక్క చుట్టు తిరగడానికి మూడు లక్షల ఏళ్లకు పైగా పడుతుంది.

---

చుక్కలదారి

రెండుకొసలు గారి లెక్క చూశాక నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను. రాత్రిలెక్కలు గారూ, ఇది ఎందుకు ఇంత విలువైనదో చెబుతాను, ఎందుకంటే మీరు పెద్ద నక్షత్రం గురించి ఇంకా ఏమీ రాయలేదు.

ఒంటరిగా తిరిగే బ్రౌన్ డ్వార్ఫ్ దగ్గర వయసు అడిగితే చెప్పదు. దానికి లోపల హైడ్రోజన్ మండదు కాబట్టి పుట్టినప్పటి నుంచి చల్లారుతూనే ఉంటుంది. 1,100 కెల్విన్ దగ్గర ఉన్న ఒక టీ5 కొత్తగా పుట్టిన తేలికది కావచ్చు, ఎంతో కాలంగా చల్లారుతున్న బరువైనది కావచ్చు. వేడి ఒకటే, మనుషులు వేరు. కానీ పక్కన ఒక మామూలు నక్షత్రం ఉంటే, రెండూ ఒకే మబ్బులోంచి ఒకే కాలంలో పుట్టాయి కాబట్టి, పెద్దదాని వయసు, దానిలోని లోహాల పాళ్లు చిన్నదానికి కూడా వర్తిస్తాయి. దూరమైతే గయా ఎలాగూ కచ్చితంగా ఇచ్చింది. ఇలాంటి వాటినే బెంచ్‌మార్క్ అంటారు. వాతావరణాల మోడళ్లు సరైనవో కావో వీటి మీదే తేలుస్తారు.

మీకు నచ్చే ఉదాహరణ ఒకటి. గ్లీజ్ 229బీ 1995లో దొరికిన మొదటి మీథేన్ బ్రౌన్ డ్వార్ఫ్. ఇది వైడ్ బైనరీ కాదు, నక్షత్రానికి బాగా దగ్గరే. పెద్ద నక్షత్రాన్ని అది ఎంత లాగుతోందో కొలిస్తే బరువు దాదాపు 71 గురుగ్రహాలంత అని తేలింది. అంత బరువున్నది అంత మసకగా ఉండకూడదు. లెక్క తేలలేదు. మోడళ్లు తప్పా, కొలత తప్పా అని ఏళ్ల తరబడి వాదన. 2024లో తెలిసింది, అది ఒకటి కాదు, 12 రోజులకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు వస్తువులు: 38, 34 గురుగ్రహాల బరువులు. పక్కన నక్షత్రం లేకపోతే బరువే తెలిసేది కాదు, అనుమానమే వచ్చేది కాదు.

మీ కే7 విషయంలో: దూరం, ప్రాపర్ మోషన్ కలిపితే అడ్డంగా వెళ్లే వేగం సెకనుకు 45 కిలోమీటర్లు వస్తుంది. మరీ పసి నక్షత్రాలు సాధారణంగా ఇంత వేగంగా పోవు. టెస్ ఉపగ్రహం తీసిన వెలుగు కొలతల్లో దాని భ్రమణ కాలం ఏమైనా కనిపిస్తుందేమో చూడండి. నక్షత్రం ముసలిదయ్యే కొద్దీ నెమ్మదిగా తిరుగుతుంది, అదొక గడియారం.

పంపే ముందు ఒక జాగ్రత్త. సింబాడ్‌లో పేరు లేనంత మాత్రాన కొత్తది కాదు. మామూలు జనం చేత వైస్ బొమ్మల్లో వెతికించే బ్యాక్‌యార్డ్ వరల్డ్స్ ప్రాజెక్టు వాళ్లు 2024లో ఇలాంటి 89 కొత్త తోడులను ఒకే వ్యాసంలో ప్రకటించారు. 2021లో అదే ప్రాజెక్టు నుంచి వచ్చిన రాస్ 19బీ టీ రకం చివరిది, పెద్ద నక్షత్రం నుంచి దాదాపు 9,900 ఏయూలు. ఆ పట్టికలన్నిట్లో మీ కోఆర్డినేట్లు పెట్టి చూడండి. లేకపోతే ఆ ప్రాజెక్టుకే అభ్యర్థులను పంపే ఫారం ఉంది. స్పెక్ట్రమ్ తీస్తే గానీ టీ5 అని ఎవరూ అనలేరు, దానికి పెద్ద ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్ కావాలి, ఆ దారి వాళ్లకు తెలుసు.

---

పాతప్లేట్లు

ఫారంలో మీ పద్ధతి కూడా రాయండి, ముఖ్యంగా వలయం ఎంత పెట్టారో, ఎన్ని నక్షత్రాల తర్వాత దొరికిందో. అడగకపోయినా రాయండి.

---

రాత్రిలెక్కలు

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఆరేసి నెలల బొమ్మలు విడదీసి చూశాను. చుక్క ఊగడం లేదు, ఒకే వైపు సాగుతోంది. మొదటి రెండు బొమ్మలకూ చివరి రెండింటికీ మధ్య తేడా కంటితోనే తెలుస్తోంది. మధ్యలో ఒక దాంట్లో అసలు కనపడలేదు, అది కూడా రాసుకున్నాను.

పట్టికలు రెండు రాత్రులు వెతికాను. 2024 వ్యాసంలో లేదు, నాకు దొరికిన పాత పట్టికల్లోనూ లేదు. టెస్ కొలతల్లో భ్రమణం కోసం చూశాను గానీ అలలు చాలా చిన్నవి. వాటి నుంచి వయసు చెప్పే సాహసం చెయ్యను, ఆ పని తెలిసినవాళ్లకే వదిలేశాను.

నిన్న రాత్రి ఫారం పంపాను. అందులో 118 ఆర్క్‌సెకండ్లు, వలయం 274, నలభయ్యో నక్షత్రం, వరుస మార్చి ముందుకు తెచ్చుకున్నానన్న సంగతితో సహా రాశాను. రెండుకొసలు గారి 0.004 లెక్క కూడా వాళ్లకు అర్థమయ్యేలా మెట్లు మెట్లుగా పెట్టాను. 22 ఆర్క్‌సెకండ్ల చుక్క గురించి కూడా ఒక వాక్యం పెట్టాను, దాన్ని ఎందుకు వదిలేశానో.

నా దగ్గర ఆ 386 వరుసలున్నాయి కదా, అన్నిటి ఎదురుగా "ఏమీ లేదు" అని ఉంది. ఆ మాట 30 ఆర్క్‌సెకండ్ల లోపలికే నిజం. అందుకని పక్కన కొత్త కాలమ్ పెట్టాను, ఏయూలలో ఎంత దూరం చూశానో రాయడానికి. మొదటి నుంచి మళ్లీ చూస్తున్నాను. ఈ రాత్రికి 57 అయ్యాయి. యాభై రెండోది 12 పార్సెక్‌ల నక్షత్రం, దాని వలయం 833 ఆర్క్‌సెకండ్లు వచ్చింది, ఒక్కదానికే పూర్తిగా ఒక రాత్రి పట్టింది.